ఒకే కప్పు కింద నాలుగు కొట్లు

పోయిన చలికాలంలో మా కారుకి ఎడమ చక్రం దగ్గర ఒక చప్పుడు మొదలైంది. పొద్దున్నే చలికి బిగుసుకుపోయిన బండిని వీధి మలుపు తిప్పగానే టక్కుమని ఒక్క దెబ్బ. ఆ తరువాత మళ్ళీ మర్నాటి దాకా ఏమీ ఉండదు. కారు కొని ఏడాది కాలేదు, వారంటీ ఉంది. కొన్నచోటికే తీసుకువెళ్ళాము. సాయంత్రం బండితో పాటు ఇచ్చిన కాగితం మీద "మేము నడిపినప్పుడు చప్పుడు రాలేదు" అని రాసి, దాని కింద గాలి ఫిల్టరు మార్పించుకోవాలనీ, బ్రేక్ ఫ్లూయిడు మార్పించుకోవాలనీ మేము అడగని పనులు రెండు మూడు రాశారు. రెండు వారాల తరువాత మళ్ళీ వెళ్ళాము. మళ్ళీ అదే కాగితం. విసుగెత్తి, మాకు ఆ కారు అమ్మిన మనిషిని పట్టుకున్నాము. కొన్న రోజున మా పిల్లలు ఏం చదువుతున్నారో కూడా అడిగి తెలుసుకున్న ఆ పెద్దమనిషి, "అది సర్వీసు వాళ్ళ సంగతి. వాళ్ళతో మాకే పడదు" అని నవ్వి ఊరుకున్నాడు.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. బయట బోర్డు ఒకటే, బిల్లు మీద పేరు ఒకటే. మేము డబ్బు ఇచ్చింది ఆ పేరుకి. లోపల మాత్రం ఒకరంటే ఒకరికి గిట్టని నాలుగు కొట్లు ఉన్నాయన్నమాట. అబద్ధం చెప్పింది ఎవరని అడిగితే వేలు పెట్టి చూపించటానికి ఒక్క మనిషీ దొరకడు. అందరూ మర్యాదస్తులే, మా చప్పుడు మాత్రం మాతోనే ఇంటికి వచ్చింది. అప్పుడు పుట్టింది ఈ ప్రశ్న. నిజం చెపితే జీతం తగ్గే ఏర్పాటులో ఒక మనిషి పని చేస్తుంటే, అతను నిజం చెప్పకపోయినందుకు తప్పు ఎవరిది? అతనిదా, ఆ ఏర్పాటు చేసిన యజమానిదా, ఆ ఏర్పాటులోనే మనకు నాలుగు డాలర్లు కలిసి రావాలని చూసుకునే మనదా?

ఉగాది నాడు హాలు వంటింట్లో పులిహోర కలుపుతూ ఈ సంగతి చెప్పుకుంటుంటే, మా మిత్రుల అబ్బాయి ఒకడు విన్నాడు. చదువు అయ్యాక రెండేళ్ళు వేరే ఊళ్ళో ఒక కార్ల కంపెనీ సర్వీసు కౌంటరు దగ్గర పని చేశాడట. "అంకుల్, మీరు వెళ్ళింది చప్పుడు కోసం. అక్కడ ఎవరికీ చప్పుడుకి జీతం రాదు" అన్నాడు. తరువాత అరగంట సేపు అతను విడమరిచి చెప్పినదీ, మేము చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాము. మనలో ప్రతి ఇంటికీ రెండేసి కార్లు ఉన్నాయి కనక ఉపయోగపడుతుందని ఆశ.

మొదటి కొట్టు అమ్మకాలది. సేల్సుమనుకి స్థిరమైన జీతం చాలా తక్కువ, కొన్నిచోట్ల అసలు ఉండదు. ముందు కొంత అడ్వాన్సు ఇచ్చి, తరువాత కమిషనులోంచి పట్టుకుంటారు. కారు మీద వచ్చిన లాభంలో అతనికి వాటా. చాలాచోట్ల అది నాలుగో వంతుకి అటూ ఇటూగా ఉంటుంది. బేరం ఆడి లాభం లేకుండా చేస్తే ఒక చిన్న మొత్తం ఇచ్చి సరిపెడతారు. ఇది కాక నెలకి ఇన్ని కార్లు అమ్మితే బోనసు. అందుకే నెలాఖరున వెళ్ళిన వాడికి ఒక ధర, మూడో తారీకున వెళ్ళిన వాడికి ఇంకో ధర. రెండు రోజుల్లోనూ కారు మాత్రం అదే.

రెండోది కాగితాలు సంతకాలు పెట్టించే చిన్న గది, అంటే ఫైనాన్సు. బేరం గెలిచామని మనం ఊపిరి పీల్చుకునేది ఈ గది గుమ్మం దగ్గరే. బ్యాంకు ఆరు శాతానికి అప్పు ఇస్తానంటే, ఈ గదిలో దాన్ని ఎనిమిది అని రాయవచ్చు. పైన వచ్చిన రెండు శాతంలో ఎక్కువ భాగం కంపెనీకి వస్తుంది, అందులో ఆ గదిలో కూర్చున్న ఆయనకి వాటా. 30,000 డాలర్లు అయిదేళ్ళకి తీసుకుంటే ఆరు శాతం మీద నెలకి సుమారు 580 డాలర్లు, ఎనిమిది మీద సుమారు 608. ఇరవై ఎనిమిది డాలర్లే కదా అనిపిస్తుంది. అరవై నెలలకి దాదాపు 1,700 డాలర్లు. పొడిగించిన వారంటీ మీదా, రంగుకి పూత మీదా అతనికి వాటా ఉంటుంది. సేల్సుమనుకి ఇతనంటే కడుపు మంట. కారు ధర కొంచెం తగ్గించి ఆ తగ్గినంతా తన గదిలో రాబట్టుకుంటే, లాభం సేల్సుమను లెక్కలోంచి ఇతని లెక్కలోకి మారుతుంది. మన జేబులోంచి పోయేది మారదు.

మూడోది సర్వీసు. ఇక్కడ మెకానిక్కుకి గంటల జీతం ఉందనుకుంటాము. గంటలే కాని గడియారం గంటలు కావు, పుస్తకం గంటలు. ఒక పనికి రెండు గంటలని పుస్తకంలో ఉంటే, గంటన్నరలో చేసినా రెండు గంటల డబ్బే, నాలుగు గంటలు పట్టినా రెండు గంటల డబ్బే. వారంటీ పనికి తయారీ కంపెనీ ఒప్పుకునే గంటలు, మనం సొంతంగా డబ్బు ఇచ్చే పనికి రాసే గంటల కన్నా సాధారణంగా తక్కువ. ఎప్పుడో పొద్దున్న ఒక్కసారి వచ్చే చప్పుడిని వెతకటానికి పుస్తకంలో దాదాపు ఏమీ ఉండదు. అందువల్ల మా కారుని ఒక్క చుట్టు తిప్పి "చప్పుడు రాలేదు" అని రాసిన మనిషి అబద్ధం రాయలేదు. నిజంగానే రాలేదు. వచ్చేదాకా ఆగితే ఆ పూట కూలి పోతుంది కనక ఆగలేదు. కౌంటరు దగ్గర మనతో మాట్లాడే సలహాదారుకి, మనం ఒప్పుకున్న పని మొత్తం మీద శాతం వస్తుంది. గాలి ఫిల్టరు అందుకే కాగితం ఎక్కింది. తేలికగా అయిపోయి పుస్తకంలో ఎక్కువ గంటలు ఉన్న పనులు ఏ మెకానిక్కుకి పంచాలన్న దాని మీద షెడ్డులో వాళ్ళలో వాళ్ళకే తగువులు.

నాలుగోది విడి భాగాల కొట్టు. ఆ మేనేజరుని చూసేది సరుకు ఎంత త్వరగా చెల్లిపోతోందన్న లెక్కతో. అరుదుగా అవసరమయ్యే భాగం అలమారాలో ఉండిపోతే అతనికి మచ్చ. అతను తెప్పించడు, మెకానిక్కు కౌంటరు దగ్గర నిలబడి సమయం పోగొట్టుకుంటాడు, మన బండి నాలుగు రోజులు వెనక దొడ్లో ఉంటుంది. మనకి చెప్పేది "ఆర్డరు పెట్టాము" అన్న ఒక్క మాటే.

ఈ నాలుగు కొట్లూ ఒకదానికొకటి బిల్లులు వేసుకుంటాయని మాకు ఇంతకు ముందు తెలియదు. మనం ఇచ్చేసిన పాత కారుని బాగుచేసి అమ్మాలంటే, సర్వీసు వాళ్ళు పాత కార్ల వాళ్ళకి బిల్లు వేస్తారు. బిల్లు పెరిగితే సర్వీసు మేనేజరుకి మంచిది, పాత కార్ల మేనేజరుకి చెడ్డది. కాబట్టి ఆయన చేయించవలసిన పనుల్లో కొన్ని కొట్టేస్తాడు. అరిగిన టైర్లు అలాగే ఉంటాయి. వాటి మీద తరువాత ప్రయాణం చేసేది ఏ ఇంటి పిల్లలో ఆ పోట్లాటలో ఎవరికీ గుర్తుకు రాదు. రెండో తాళం చెవి ఇస్తామనీ, గీత పడిన చోట రంగు వేయిస్తామనీ అమ్మేటప్పుడు రాసిచ్చే బాకీ చీటీదీ అదే గతి. మాట ఇచ్చింది ఒక కొట్టు, పని చెయ్యవలసింది ఇంకో కొట్టు, ఖర్చు ఎవరి పద్దులో రాయాలన్నది తగువు.

కొత్త కారు అద్దం మీద ధర చీటీ అంటించాలని ఈ దేశంలో 1958లో చట్టం చేశారు. దానికి పాటుపడిన ఓక్లహోమా సెనేటరు మన్రోనీ పేరుతోనే ఆ చీటీని ఇప్పటికీ పిలుస్తారు. కారు ధర మనకి తెలియాలన్నారు. మనకి సలహా ఇచ్చే వాడికి ఏం చేస్తే డబ్బు వస్తుందో తెలియాలని ఎవరూ అనలేదు. పైగా కార్ల కంపెనీల్లో సేల్సుమన్లకీ, విడి భాగాల వాళ్ళకీ, మెకానిక్కులకీ ఓవర్‌టైము ఇవ్వనక్కరలేదని ఫెడరల్ చట్టంలోనే ఉంది. సర్వీసు సలహాదారులూ అందులోకే వస్తారని సుప్రీంకోర్టు 2018లో అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పు చెప్పింది. కార్ల అమ్మకాల్లో మోసపు మాటలు అరికట్టాలని ఫెడరల్ ట్రేడ్ కమిషను 2023 డిసెంబరులో ఒక నిబంధన చేస్తే, చేసిన పద్ధతి సరిగా లేదని అప్పీలు కోర్టు 2025 జనవరిలో దాన్ని కొట్టివేసింది.

ఇక అసలు ప్రశ్నకి వద్దాము. ఆ రోజు పులిహోర దగ్గరే ఒక పెద్దాయన, "ఎన్ని చెప్పినా నీతి గల వాడు ఏ ఏర్పాటులో ఉన్నా నీతిగానే ఉంటాడు. ఫలం మీద దృష్టి లేకుండా పని చెయ్యమని భగవద్గీత చెప్పలేదా?" అన్నారు. ఆ మాటని మేము తోసిపుచ్చలేము. ఆ ఏర్పాటులోనే నిజం చెప్పే వాళ్ళు ఉన్నారని మాకు తరువాత అనుభవమయింది. అయితే ఫలం మీద దృష్టి వద్దని తనకి తాను చెప్పుకోవటం ఒకటి, ఇంకొకడి అద్దె డబ్బుని ఫలానికి ముడివేసి దాని మీద దృష్టి పెట్టకు అనటం ఇంకొకటి. నాలుక మీద తేనె పెట్టుకుని రుచి తెలియకుండా ఉండటం ఎంత కష్టమో, ఖజానా దగ్గర ఉన్న ఉద్యోగికి కొంచెమైనా రుచి చూడకుండా ఉండటం అంత కష్టమని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఏనాడో గుర్తించాడు. ఆయన నీతి బోధ చేసి ఊరుకోలేదు, లెక్కలు చూసే పద్ధతులు పెట్టమన్నాడు.

ఏర్పాటు మారితే అవే మనుషులు ఎలా మారతారో చూపించే ఉదాహరణ ఒకటి ఉంది. సియర్స్ వారి దుకాణాలకి అనుబంధంగా కారు మరమ్మతు షెడ్లు ఉండేవి. అక్కడి ఉద్యోగులకి కమిషన్లూ, ఇన్ని బ్రేకు పనులు, ఇన్ని స్ప్రింగులు అమ్మాలన్న లక్ష్యాలూ పెట్టారు. కాలిఫోర్నియా ప్రభుత్వం వారు మామూలు ఖాతాదారుల్లా కార్లు తీసుకువెళ్ళి చూసి, అక్కరలేని పనులు చేసి డబ్బు తీసుకుంటున్నారని 1992 జూనులో ఆరోపణ చేశారు. మోసం చెయ్యమని ఎవరికీ చెప్పలేదని సంస్థ అంది. అది నిజమే కావచ్చు. తమ జీతాల పద్ధతి వల్లనే పొరపాట్లకి చోటు దొరికిందని అధ్యక్షుడు ఒప్పుకుని, సలహాదారులకి ఆ కమిషన్లు ఎత్తివేశారు. మోసం చెయ్యమని నోటితో చెప్పనక్కరలేదు; జీతాల పట్టికే చెపుతుంది. అందువల్ల పట్టిక రాసిన వాడు, "నేను చెప్పలేదు" అని చేతులు దులుపుకోవటానికి వీల్లేదని మా అభిప్రాయం.

అయితే నెల జీతం ఇస్తే సరిపోతుందా? జనరల్ మోటార్సు వారు 1990లో సాటర్న్ అనే కారు తెచ్చి, రాసిన ధరే ధర, బేరం లేదన్నారు. బేరం లేదు కనక బేరంలో గెలవటానికి ఆడే నాటకం కూడా తగ్గింది. చాలామంది ఆ మర్యాదకి సంతోషించారు. ఆ కారు 2010తో ఆగిపోయింది, దానికి కారణాలు వేరే ఉన్నాయి. కాని నెల జీతంలో వేరే రోగం ఉంది. నాలుగు పనులు చేసిన వాడికీ, ఒక పని చేసిన వాడికీ ఒకటే అయితే, మన బండి వెనక దొడ్లో ఎందుకున్నదో అడిగే వాడు ఉండడు. మన ఊళ్ళల్లో ప్రభుత్వ కార్యాలయాల బల్లల ముందు నిలబడిన వాళ్ళం, మనకి ఇది ఒకరు చెప్పాలా?

మా తాతగారి ఊళ్ళో వడ్రంగికీ కమ్మరికీ ప్రతి పనికీ డబ్బు ఇచ్చే వారు కారు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ఏడాదికి ఇంత అని మేర ఇచ్చేవారు. నాగలి ఎన్నిసార్లు విరిగినా బాగుచెయ్యాలి. అంటే విరగని నాగలి చెయ్యటంలోనే వడ్రంగి లాభం ఉంది. రైతు లాభం కూడా అక్కడే ఉంది. ఇద్దరి లాభం ఒకే చోట పెట్టిన ఆ ఊహ చాలా గొప్పది. అందులో కులం కట్టు ఉంది, వెట్టి ఉంది, చాలీచాలని గింజలతో వడ్రంగి నోరు మూసుకోవలసి రావటం ఉంది. దాన్ని మళ్ళీ తెమ్మని మేము అనటం లేదు. కాని కారు చెడితేనే బతికే షెడ్డుకీ, నాగలి చెడకపోతే హాయిగా ఉండే వడ్రంగికీ మధ్య ఉన్న తేడా మనిషి గుణంలో లేదు, కొలతలో ఉంది.

ఇదంతా కార్ల వాళ్ళ మీద విసరటానికి రాయటం లేదు. మన సంఘంలో సగం మంది డాక్టర్లు. 1992 నుంచి మెడికేరు ఫీజు, ప్రతి పనికీ ఇన్ని యూనిట్లని కట్టిన పట్టిక మీద నడుస్తోంది. చాలా ఆసుపత్రుల్లో బోనసులూ ఆ యూనిట్ల మీదే. మెకానిక్కు పుస్తకం గంటలకీ వీటికీ పెద్ద తేడా మాకు కనపడలేదు. రోగి పక్కన కూర్చుని ఎప్పుడో వచ్చే నొప్పి గురించి నిదానంగా వినటానికి ఆ పట్టికలో ఎంత ఉందో డాక్టర్లే చెప్పాలి. మిగిలిన సగంలో చాలామందిమి ఖాతాదారుకి గంటల లెక్కన బిల్లు వేసే ఇంజనీర్లం, కంప్యూటర్ల వాళ్ళం. పని తొందరగా అయిపోయిందని మనం ఎన్నిసార్లు ముందే చెప్పాము? "అది మా విభాగం కాదు" అని ఎన్నిసార్లు అన్నాము? కార్ల కంపెనీలో మనకి కోపం తెప్పించిన మాటలే ఆఫీసులో మన నోటి వెంట రావటం లేదా?

చివరికి మా చప్పుడు సంగతి. మూడోసారి వెళ్ళినప్పుడు వయసు మళ్ళిన మెకానిక్కు ఒకాయన తనే కౌంటరు దగ్గరికి వచ్చి, బండి రాత్రికి వదిలి వెళ్ళమన్నాడు. మర్నాడు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగానే తీసుకుని వీధులు తిరిగాడు. ముందు భాగంలో ఒక బోల్టు సరిగా బిగియలేదు. బిగించాడు. "ఇంకేమీ అక్కరలేదు. ఫిల్టరు కూడా ఇంకో ఏడాది వస్తుంది" అన్నాడు. ఆ పనికి అతనికి గంటలో మూడో పదో వంతో వచ్చి ఉంటుందని మిత్రుల అబ్బాయి లెక్క కట్టి చెప్పాడు. పోయింది ఒక పూట.

ఆ వారంలోనే తయారీ కంపెనీ నుంచి ప్రశ్నల కాగితం వచ్చింది: పదికి ఎన్ని మార్కులు ఇస్తారని. మూడుసార్లు తిప్పారన్న కోపం మా మనసులో ఉంది. న్యాయంగా ఆలోచించి ఏడు వేశాము. ఏడంటే మనకి మంచి మార్కే. అక్కడ మాత్రం పై మార్కు తప్ప మిగిలినవి తప్పినట్లే లెక్క పెడతారనీ, సర్వీసు వాళ్ళ నెల బోనసులు చాలాచోట్ల ఆ సగటు మీదే ఉంటాయనీ ఉగాది నాడు గాని మాకు తెలియలేదు. మాకు అమ్మిన కొట్టుకీ, తిప్పి పంపిన కౌంటరుకీ వెయ్యాల్సిన దెబ్బ, ఒక పూట కూలి వదులుకుని నిజం చెప్పిన మనిషి మీద కూడా పడి ఉంటుంది. మేము అబద్ధం చెప్పలేదు. ఆ ఏర్పాటు ఎలా పని చేస్తుందో తెలుసుకోకుండా నిజం చెప్పాము. వాళ్ళ జీతాల పట్టికలో మేము కూడా ఒక గడి అన్న సంగతి అప్పుడే తెలిసింది.

ఇప్పుడు మేము కొన్ని నియమాలు పెట్టుకున్నాము. కారు ధర, పాత కారు విలువ, అప్పు వడ్డీ మూడూ విడివిడిగా మాట్లాడాలి. అప్పు రేటు ముందుగా మన క్రెడిట్ యూనియనులో అడిగి ఉంచుకోవాలి. ఏ పని చెయ్యాలన్నా "ఇది కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉందా, మీ జాబితాలో ఉందా?" అని అడగాలి. డబ్బు ఇచ్చి చేయించుకునే మామూలు సర్వీసు వాళ్ళ దగ్గరే చేయించుకోకపోతే వారంటీ పోతుందని ఎవరైనా అంటే, అలా షరతు పెట్టటానికి 1975 నాటి చట్టం ఒప్పుకోదని చెప్పాలి. చప్పుడైతే మెకానిక్కుని పక్కన కూర్చోబెట్టుకుని నడిపి వినిపించాలి. వెతికినందుకు డబ్బు అడిగితే గొణక్కుండా ఇవ్వాలి. ఒకరు వెతికి చెప్పిన జబ్బుకి చవకగా చేసే ఇంకో చోట మందు వేయించుకోవటం మనవాళ్ళలో తెలివిగా చెప్పుకుంటారు, అది తెలివి కాదు. మంచి పని చేసిన మనిషి పేరు పెట్టి రాయాలి.

ఆ మెకానిక్కు చేసిన పనిని వివరంగా రాసి, మార్కు మేము తెలియక వేశామని సర్వీసు మేనేజరుకి ఉత్తరం పంపాము. జవాబు రాలేదు. ఆ నెల అతనికి బోనసు వచ్చిందో లేదో మాకు తెలియదు. ఈసారి నూనె మార్పించటానికి వెళ్ళినప్పుడు అతనెక్కడున్నాడో కనుక్కుని, స్వయంగా చెప్పి రావాలనుకుంటున్నాము.